ఆకురాయి బోరు

మా మేనత్త బోరు వేయించిన రోజున చెప్పవలసిన ఒక మాట నేను చెప్పలేదు. ఆ తరువాత కొన్నాళ్లకు పదిమందిలో నన్ను అడిగినప్పుడు, నిజమే అయినా నన్ను మాత్రమే కాపాడే మాటను ఏరి చెప్పాను. ఇన్నేళ్లూ అది నాకూ ఆమెకూ మధ్య ఉండిపోయిన సంగతేనని నాకు నేను నచ్చజెప్పుకుంటూ వచ్చాను. మొన్నొక పొద్దున వై.ఎన్.హొసకోట బస్టాండు ఎదుటి హోటల్లో ఇడ్లీ తింటూ ఉంటే, పక్కబల్ల దగ్గర ఇద్దరు కుర్రవాళ్లు కోళ్లఫారం పెట్టే విషయం వాదించుకుంటున్నారు. ఒకడు లాభాల మీద లాభాలు చెప్పుకుంటూ పోతున్నాడు. రెండోవాడు చట్నీ నంజుకుంటూ, "ఏందప్పా, ఇది కూడా ఆకురాయి బోరేనా?" అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు.

ఆ మాటకు అర్థమేమిటని, ఏమీ ఎరగనివాడిలా అడిగాను. "యాడో రాయచెర్లు దిక్కున ఒక ముసలామె సార్, రాతిలో ఆకు కనపడిందని బోరేయించి, ఉండేదంతా పోగొట్టుకునిందంట. అప్పుట్నుంచి పిచ్చిపని ఏది చేసినా ఆకురాయి బోరే" అని ఆ కుర్రవాడు ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆ ముసలామె మా నాన్నకు అక్క. ఆ రాతిలో ఉన్నది ఆకు అని చెప్పినవాణ్ణి నేను. కథలో ఆమె ఉంది, రాయి ఉంది, బోరు ఉంది. నేను మాత్రం లేను. ఎలా లేకుండా పోయానో ఆ కథ చెప్పుకునేవాళ్లకు తెలియదు కనుక, ఇది రాస్తున్నాను.

నా వయసువాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. సోలార్ పార్కు వస్తుందన్న కబురు కొత్తగా పాకుతున్న కాలమది. అప్పుడు నేను హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. కర్ణాటకలో ఉన్న పావగడ తాలూకా మాది. మా వైపు టీచరును కన్నడంలో లాగే మేష్ట్రు అంటారు. పుస్తకం కన్నడంలో, పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగులో. కనుక పాఠం కన్నడంలో మొదలుపెట్టి, వాళ్ల ముఖాలు వాడిపోగానే తెలుగులోకి దిగేవాణ్ణి. రాళ్లూ మట్టీ పాఠం వచ్చిందంటే నాకు పండగ. మిగతా పాఠాలకు బడిలో ఏ సామానూ ఉండేది కాదు గాని, దీనికి మాత్రం గేటు దాటితే చాలు, తాలూకా అంతా సామానే. పిల్లల్ని వెంటేసుకుని గుండ్లకొండ ఎక్కేవాణ్ణి. ఏనుగులంత గుండ్లు ఒకదాని మీద ఒకటి ఎలా నిలబడ్డాయో, అవి ఎవరో తెచ్చి పేర్చినవి కావనీ, ఒకప్పుడు ఒకటే బండగా ఉన్నది పగుళ్ల వెంబడి ఎండకూ వానకూ అరిగి ఇలా గుండ్రబడిందనీ చెప్పేవాణ్ణి. గోరుతో గీస్తే పొరలుగా లేచొచ్చే కాకిబంగారం, ఎండలో తళుక్కుమనే పలుగురాయి, బండ కుళ్లి గరుసుగా, గరుసు మెత్తబడి ఎర్రమట్టిగా మారే వరుస, ఆ ఎరుపు రాతిలోని ఇనుముకు పట్టిన తుప్పేనన్న సంగతి, అన్నీ చేత్తో ముట్టుకుని నేర్చుకునేవారు. తిరిగొచ్చేటప్పుడు ఒక్కొక్కరి సంచీలోనూ ఇంట్లో తిట్లు తినడానికి సరిపడా రాళ్లు ఉండేవి.

మా మేనత్త పొలం అటువంటి గుండ్లకొండ ఒకదాని కింద ఉండేది. వానను నమ్ముకుని శనక్కాయ వేసే ఎర్రనేల. మామ చనిపోయాక ఆ పొలాన్నీ ఒక మంద గొర్రెలనూ ఆమే చూసుకునేది. ఆమె కొడుకు, నాకు బావ, ఊళ్లోంచి పావగడకు షేర్ ఆటో తోలేవాడు. చుట్టూ ఉన్న రైతులంతా పొలాలను సోలార్ వాళ్లకు లీజుకు ఇవ్వడానికి ఒప్పుకుంటున్నారు. బావకు కూడా ఇచ్చేద్దామనే ఉండేది. అత్త అటూ ఇటూ చెప్పకుండా ఊగిసలాడుతూ ఉండేది. వాన వచ్చినప్పుడు పట్టి ఉంచుకుందామని, పొలం మూలన నీటిగుంట ఒకటి తవ్విస్తోంది కూడా. ఆ గుంటలో అడ్డంపడ్డ బండను గడ్డపారతో చీలిస్తే, పుస్తకం తెరిచినట్టు రెండు పలకలుగా విడిపోయింది. లోపల లేత గులాబీ రంగు రాతి మీద, నల్లటి సిరాతో గీసినట్టు, ఒక చెట్టు.

కాండం, కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు, రెమ్మలకు ఈనెలు. కబురు పంపితే సైకిలు మీద పరుగున వెళ్లాను. ఆ పలకను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇరవయ్యేళ్లుగా పుస్తకంలో బొమ్మగా చూపిస్తూ వచ్చిన శిలాజం, మా అత్త పొలంలో, నా ఒళ్లో.

అగ్నిశిలల్లో శిలాజాలు ఉండవని ప్రతి ఏడూ ఎనిమిదో తరగతికి చెప్పే పాఠం నేనే చెప్పేవాణ్ణి. భూమి లోపల కరిగి, చల్లారి గట్టిపడిన రాతిలోకి ఆకు ఎలా వస్తుంది, వస్తే కాలిపోదా అని పిల్లల్ని అడిగి, వాళ్లు తప్పు చెబితే నవ్వేవాణ్ణి కూడా. మా తాలూకా అంతా అటువంటి రాయే. ఆ పూట అదంతా నాకు గుర్తు రాలేదని అనను. వచ్చింది. కోరిక దాన్ని పక్కకు తోసేసింది.

"ఇది కోట్ల ఏళ్లనాటి ఆకు అత్తా. అప్పుడు ఈడంతా అడివి ఉండేదన్నమాట" అన్నాను.

ఆమె గుంట గట్టు మీద గొంతుక్కూర్చుని, పలకను కాదు, పొలాన్ని చూసింది. "అడివి ఉంటే నీళ్లు ఉండినట్టే గదరా? ఆ నీళ్లు యాడికి పోతాయి, కిందికే గదా?"

నేను నవ్వాను. ఔననలేదు, కాదనలేదు. కరువు నేలలో పుట్టి పెరిగిన మనిషి, రాతిలో ఆకును చూస్తే ఆకును చూడదు, దాన్ని పెంచిన నీళ్లను చూస్తుంది. ఆ సంగతి నాకు అర్థమయ్యే నవ్వాను.

రాయిని బడికి తీసుకుపోయాను. తాలూకా వైజ్ఞానిక ప్రదర్శనలో మా పిల్లలు దాన్ని పెట్టి బహుమతి తెచ్చారు. నాకు శాలువా కప్పారు. జిల్లా ప్రదర్శనకు కూడా ఎంపికైంది. పిల్లలు మధ్యాహ్నం భోజనం అయ్యాక వరండాలో నిలబడి, ఆకు ఎలా రాయి అయిందో గడగడా వల్లె వేస్తూ ఉండేవారు. ఆ రోజుల్లోనే సోలార్ స్తంభాలు దిగే నేల ఎంత గట్టిదో చూడడానికి మట్టిపరీక్షల బృందం ఒకటి వచ్చింది. అందులోని ఇంజనీరు అమ్మాయి ఒకరోజు బడి బోరింగు దగ్గర నీళ్లు తాగడానికి వచ్చి, బల్ల మీది రాయిని చూసి ఆగిపోయింది.

పిల్లల ముందు ఆమె ఏమీ అనలేదు. అందుకు ఇప్పటికీ ఆమెకు దండం పెడతాను. వాళ్లు వెళ్లాక, కన్నడంలో, మెల్లగా చెప్పింది. ఇది ఆకు కాదు సార్. బండ పగులులోకి చుక్కచుక్కగా ఊరిన నీళ్లు, తమలో కరిగి ఉన్న మాంగనీసును అక్కడ వదిలేస్తూ పోతాయి. అది పేరుకుంటూ చెట్టులా కొమ్మలు వేస్తుంది, అంతే. ఆకుకైతే నడిమి ఈనె ఉంటుంది, అంచు ఉంటుంది. దీనికి ఏదీ లేదు చూడండి. పలకను పక్కకు తిప్పి చూపించింది. బొమ్మ పగులు మీదే ఉంది, రాతి లోపలికి ఒక్క గీత కూడా దిగలేదు. చూసినకొద్దీ నాకు సిగ్గు ముంచుకొచ్చింది. ఎవరికీ చెప్పకండి అని నేను ఆమెను అడగలేదు గాని, ఆమె నా ముఖం చూసి, బాటిల్లో నీళ్లు నింపుకుని వెళ్లిపోయింది.

జిల్లా ప్రదర్శన అయ్యాక చెబుదాం అనుకున్నాను. పిల్లలు ఎంతో ఆశపడ్డారు కదా అని నాకు నేనే ఒక కారణం చెప్పుకున్నాను. ఆ సాయంత్రమే బావ ఆటో బడి ముందు ఆగింది. దిగకుండానే, "మేష్ట్రూ, మీ అత్త లీజు వద్దనేసింది. గొర్లు అమ్మి బోరేయిస్తాదంట. నీ ఆకు పెట్టిన మంట ఇది" అని, నవ్వుతున్నాడో తిడుతున్నాడో తెలియని గొంతుతో చెప్పి పోయాడు.

అప్పుడైనా సైకిలు తీసి వెళ్లవలసింది. మరునాడు వెళదామనుకున్నాను. వెళ్లేసరికి పొలంలో బోరు లారీ నిలబడి ఉంది.

మనవైపు బోరు వేయడమంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఊరికి ఊరే గట్ల మీద చేరుతుంది. టెంకాయ కొట్టి, నిమ్మకాయ తొక్కించి, మొదటి రాడ్డు దింపుతారు. ఒక్కొక్క రాడ్డు దిగినప్పుడల్లా పైకి ఎగజిమ్మిన రాతిపిండిని పారతో తీసి, వరుసగా కుప్పలు పోస్తారు. నేల లోపల ఏముందో ఆ కుప్పలే చెబుతాయి. మొదటి కుప్ప ఎర్రగా వచ్చింది, తరువాతది గరుసుతో పసుపుగా, ఆ తరువాత బూడిదరంగు. అంతవరకూ అందరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. తెల్లటి పొడి రావడం మొదలయ్యాక మాటలు తగ్గాయి. తెల్లపొడి అంటే గట్టిబండ. పగులు తగిలితేనే నీళ్లు, లేకపోతే ఎంత దిగినా పిండే. ఆ పిండి గాలికి లేచి అందరి వెంట్రుకల మీదా కనురెప్పల మీదా పడుతోంది. కంప్రెసరు రొదలో చెవులు దిబ్బెళ్లు పడ్డాయి.

అత్త కొంగు తలమీద వేసుకుని, కుప్పల వరుస పక్కనే నిలబడి ఉంది. బావ దూరంగా, ఆటోకు ఆనుకుని, చేతులు కట్టుకున్నాడు. గట్టు మీద గొర్రెల వ్యాపారి కూడా ఉన్నాడు. మందలో చాలావరకు అప్పటికే అతని లారీ ఎక్కాయి. మిగిలినవి తల్లిగొర్రెలు. వాటిని అమ్మనని అత్త చెప్పింది గాని, బోరు పొలాల దగ్గర ఎదురు చూడడం అతనికి అలవాటే.

ఒక రాడ్డు దగ్గర పిండి ముద్దలు ముద్దలుగా, తడిగా వచ్చింది. "నీళ్లు! నీళ్లు పడినాయి!" అని ఎవరో అరిచారు. అత్త ఆ ముద్దను రెండు చేతులా తీసుకుని బుగ్గకు ఆనించుకుంది. ఆమె ముఖం అంత వెలగడం మామ పోయాక నేను చూడలేదు. తరువాతి రాడ్డుకు మళ్లీ పొడిపిండే. దాని తరువాతా అంతే. డ్రిల్లరు ఇంజను తగ్గించి, ఇంకా దింపాలా ఆపాలా అని అడిగాడు.

అందరూ అత్తను చూశారు. అత్త నా దగ్గరికి వచ్చింది. రొద తగ్గినా చెవులు ఇంకా హోరుమంటున్నాయి కనుక, నా చెవి దగ్గరికి వంగి అడిగింది.

"ఒరేయ్ అబ్బోడా. నువ్వు సదువుకున్నోడివి. ఆ రాయి నిజమే గదా?"

నా నాలుక మీద మాట ఉంది. అది ఆకు కాదత్తా, ఆపేయమను. అంతే. ఆ మాట అని ఉంటే తల్లిగొర్రెలు మిగిలేవి. లీజు గడువు కూడా ఇంకా దాటలేదు, పొలం పార్కులో చేరేది. నేను చుట్టూ చూశాను. గట్టు మీద నా పాత విద్యార్థులు ఉన్నారు. నాకు శాలువా కప్పినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లు ఉన్నారు.

"రాయి అబద్ధం చెప్పదత్తా" అన్నాను.

ఎంత తెలివైన మాట! రాయి నిజంగానే అబద్ధం చెప్పలేదు. ఆమె ఒక క్షణం నా కళ్లలోకి చూసి, తల ఊపి, వ్యాపారి వైపు తిరిగి చెయ్యెత్తింది. అతను గట్టు దిగాడు. రాడ్లు మళ్లీ దిగాయి. పొద్దు వాలేవరకూ తెల్లపిండి కుప్పలు ఒకదాని పక్కన ఒకటి పెరుగుతూ పోయాయి. చివరికి డ్రిల్లరే ఇంక లాభం లేదమ్మా అని ఇంజను ఆపేశాడు. తరువాత కమ్ముకున్న నిశ్శబ్దంలో, లారీ ఎక్కిన తల్లిగొర్రెల అరుపు చాలాదూరం వినబడింది.

అత్త అప్పుడు ఏడవలేదు. లీజుకు ఇస్తామని కొన్నాళ్లకు బావ పరుగెత్తాడు గాని, అప్పటికి పార్కు హద్దులు ఖాయమై, ఆమె పొలం కంచెకు అవతల మిగిలిపోయింది. ఆ కోపమంతా బావ ఒకరోజు ఊరి రచ్చకట్ట దగ్గర నా మీద చూపించాడు. పదిమంది ఉన్నారు, అత్త కూడా ఉంది. "మేష్ట్రూ, నువ్వు సెప్పినావా లేదా, ఆ రాయి ఉండాది కాబట్టి నీళ్లుంటాయని?"

"నీళ్లుంటాయని నేను ఏనాడూ అనలేదు బావా" అన్నాను.

అక్షరం అక్షరం నిజం. అందరూ అత్త వైపు తిరిగారు. ఆమె నన్నే చూస్తోంది. నోరు తెరిస్తే, బోరు దగ్గర నేను ఆమెతో అన్న మాట బయటపడేది, ఆమె తెరవలేదు. తమ్ముడి కొడుకును పదిమందిలో అబద్ధాలకోరును చేయడం ఇష్టం లేకపోయిందో, చదువుకున్నవాడు అన్నాక అదే నిజమై ఉంటుందనుకుందో నాకు తెలియదు. "పోనీలేప్పా, ముసలిదానికి ఏదో పిచ్చి" అని ఎవరో అన్నారు. ఆ రోజునుంచి ఆ పిచ్చి ఆమెదైపోయింది. నేను జిల్లా ప్రదర్శనకు రాయిని పంపలేదు. పగిలిపోయిందని పిల్లలకు చెప్పాను. అదీ అబద్ధమే. అది ఇప్పటికీ నా ఇంట్లో అటక మీద ఉంది.

పార్కు వచ్చింది. ఒకప్పుడు గొర్రెలు మేసిన పొలాల్లో ఇప్పుడు నీలం పలకలు కొండ అంచుదాకా పరుచుకుని ఉన్నాయి. పలకల కింద పెరిగే గడ్డి కోయడానికి కూలీలు కావాలి. సొంత పొలం ఉన్న మా అత్త, పక్కవాళ్లు లీజుకిచ్చిన పొలాల్లో గడ్డి కోసింది. దారిలో ఎదురైనప్పుడల్లా, "బాగుండావా నాయనా" అని ఆమె అడిగేది. ఆ పలకరింపు నాకు ఏ తిట్టుకన్నా బరువుగా ఉండేది.

హోటల్లో ఆ కుర్రవాడి మాట విన్న రోజు నేను ఇంటికి పోలేదు. నేరుగా అత్త ఇంటికి వెళ్లాను. ఆమె వాకిట్లో కొడవలి నూరుకుంటోంది. కూర్చోకుండానే మొత్తం చెప్పాను. ఇంజనీరు అమ్మాయి సంగతి, బోరుకు ముందే నాకు తెలుసన్న సంగతి, అన్నీ. ఆమె నూరడం ఆపలేదు. "అయితే ఆ చెట్టును గీసిందేంది?" అంది.

"నీళ్లత్తా. పగులులో ఊరిన నీళ్లు."

"నీళ్లేనా!" ఆమె కొడవలి కింద పెట్టి నన్ను చూసింది. "అయితే నేను నీళ్లనుకునిందే నిజం. నువ్వు ఆకనుకునిందే తప్పు."

"చుక్క నీళ్లత్తా. ఎప్పటివో. బోరుకు పనికొచ్చేవి కావు."

"అది నాకు ఆ పొద్దే తెలిసిందిలే, నువ్వు సెప్పల్లా?" అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే పోయింది. పోయాక ఆమె ముఖం ఎలా ఉంటుందో ఇన్నేళ్లలో నేను మొదటిసారి చూశాను. తల్లిగొర్రెల పేర్లు వరుసగా చెప్పింది. ప్రతిదానికీ ఒక పేరు ఉండేదని నాకు అప్పటిదాకా తెలియదు. నేను చేతులు జోడించాను. ఆమె వద్దన్నట్టు కొడవలి ఊపింది.

"నాకు సెప్తే యాడికి పోతాదిరా ఆ మాట? నన్ను జూసి నగింది నేను గాదు. నగినోళ్లకు సెప్పు."

మరునాడు తెల్లవారుతూనే పాల డెయిరీకి నడిచాను. ఆ దారి నాకు పిల్లలతో రాళ్లు ఏరుకున్న దారి. ఇప్పుడు ఒకవైపంతా కంచె. గుండ్లకొండలు మాత్రం అలాగే ఉన్నాయి. కాని ఇప్పుడు వాటిని ఎక్కే పిల్లలు లేరు, సంచుల్లో రాళ్లు తెచ్చి తిట్లు తినేవాళ్లు లేరు. అప్పట్లో ఏ రాయి చూపించి ఏది చెప్పినా ఊరు నమ్మేది. మేష్ట్రు చెప్పాడంటే చాలు, దానిమీద గొర్రెలు అమ్మేవాళ్లు, పొలాలు పణంగా పెట్టేవాళ్లు. ఇప్పుడు ఏ సందేహం వచ్చినా ఫోను తీసి చూసుకుంటారు. అది మంచికే అనుకుంటాను. అయినా, ఆ నమ్మకం ఎంత పెద్దదో, ఎంత తేలికగా దాన్ని ఖర్చు చేశానో తలచుకుంటూ నడిచాను.

డెయిరీ ముందు క్యాన్లు పట్టుకుని ఊరంతా వరుసలో ఉంది. బావ ఉన్నాడు. వరుస మధ్యలో అత్త కూడా, చిన్న క్యానుతో, రోజూ నిలబడే చోటే నిలబడి ఉంది. నేను అరుగు ఎక్కాను. ఎవరో "ఏంది మేష్ట్రూ, ఎలక్షన్లో నిలబడతావా?" అన్నారు. నవ్వులు ఆగాక చెప్పాను. ఆ రాతిని ఆకు అన్నది మా అత్త కాదు, నేను. ఆకు కాదని తెలిసి కూడా బోరు ఆపమని చెప్పనిది నేను. నీళ్లుంటాయని అనలేదని పదిమందిలో తప్పించుకుని, ఆ పిచ్చిని ఆమె నెత్తిన వేసినది నేను. ఆకురాయి బోరు అని మీరు నవ్వితే నన్ను చూసి నవ్వండి. అత్తా, తప్పు చేశాను, క్షమించు.

ఎవరూ నవ్వలేదు. బావ తల దించుకుని క్యాను మూత తిప్పుతూ ఉన్నాడు. వరుసలోంచి అత్త గొంతు, కొడవలిలా పదునుగా, పైకి లేచింది.

"ఇంకొకసారి సెప్పరా. వెనకుండేవోళ్లకు ఇనపల్యా."

నేను మళ్లీ మొదటినుంచి, ఈసారి గట్టిగా, చెప్పాను.